మెమరీ జోడీ

కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు కదలకుండా నిలబడిపోతే ఆమినాకు ఏం చేయాలో తోచేది కాదు. మౌస్‌ను అటు జరిపేది, ఇటు జరిపేది. బాణం మాత్రం అంగుళం కదిలేది కాదు. ఇంకేం చేస్తుంది? బిస్మిల్లా అనుకుని స్విచ్చి ఆపడం, మళ్లీ వేయడం. వేసేసరికి అంతకుముందు కొట్టిన పేజీ గంగలో కలిసిపోయేది. కొట్టిందే కొట్టడం, పోయిందే పోవడం. వారం రోజులుగా ఇదే వరస.

ఆ వారం ఆమె కొడుతున్నవి క్వార్టర్లీ పరీక్షల ప్రశ్నపత్రాలు. ఎల్లారెడ్డిలో కొత్తగా లేచిన ప్రైవేటు బడి హెడ్మాస్టరు గంగారాం సారు పెద్ద తరగతుల పేపర్లన్నీ ఆమె చేతిలో పెట్టాడు. శనివారం పొద్దుటికల్లా ఇస్తే యాన్యువల్ పరీక్షల దాకా పనంతా మీదే, ఇవ్వకపోతే నా దారి నేను చూసుకుంటానని మొహం మీదే చెప్పిపోయాడు. ఆయన అలా చెప్పడంలో తప్పేమీ లేదు. పిల్లల పరీక్ష ఎవరి కోసం ఆగుతుంది?

ఆమె కూర్చుని పని చేసే గది మామ అజీముద్దీన్ నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్. గోడవారగా టైపు మిషన్లు గుడ్డలు కప్పుకుని ఉంటాయి. ఎల్లారెడ్డి కోర్టు గుమాస్తాల్లో, మండలాఫీసు వాళ్లలో సగం మంది ఆయన దగ్గర వేళ్లు తిప్పుకున్నవాళ్లే. మిషన్ చెడిపోతే మెకానిక్ కూడా ఆయనే. నూనె బుడ్డి, కుంచె, సన్నటి స్క్రూడ్రైవరు ఆయన జేబుకు, చేతికి దూరంగా ఉండేవి కావు. ఇప్పుడు పొద్దుటిపూట ఇద్దరో ముగ్గురో వచ్చి టకటకలాడించి పోతున్నారు. కిటికీ పక్క కంప్యూటర్ మాత్రం ఆమినా మొగుడు సలీమ్ సౌదీ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు కామారెడ్డిలో కట్టించింది. తక్కువ ధరకు, అగ్గువలో కట్టించాడు గనక లోపల ఉన్నవన్నీ అగ్గువ సామాన్లే.

పోయిన శుక్రవారం బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు సలీమ్ ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే ముందు తండ్రితో మాట్లాడాడు, తర్వాత పెళ్లాంతో. కంప్యూటర్ ఆగిపోతుందని ఆమె చెప్తే విసుక్కున్నాడు. కామారెడ్డిలో దాన్ని కట్టిచ్చిన లింబాద్రి షాపుకు తీసుకుపొమ్మన్నాడు. పాటలు వినిపించే స్పీకర్లు, సీడీ పెట్టే డబ్బా వేయిస్తే ఆటలాడటానికి పోరగాళ్లు వస్తారని, గంటకింత అని తీసుకోవచ్చని లెక్క చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఈసారి పెట్టించినాక కూడా ఇట్లాగే మొరాయిస్తే అమ్మి పారెయ్యమన్నాడు. "ఇంట్ల కూసోని బీడీలు చేసుకో. నలుగురు చేసుకుంట లేరా?" అన్నాడు.

ఆ మాటతో ఆమినా గుండెలో రాయి పడ్డట్టయింది. కామారెడ్డిలో ఆమె తల్లి హమీదున్నీసా ఈనాటికీ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది, దగ్గుతూనే ఉంది. పెళ్లయ్యేదాకా ఆమినా కూడా ఆ చాట పక్కనే పెరిగింది. తునికాకు కత్తిరించి కత్తిరించి వేళ్ల కొసలు పగలడం, అన్నం ముద్దలో కూడా జర్దా పొగాకు వాసన రావడం, పడుకున్నా వంగిన నడుము చక్కబడకపోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈ గదిలో కుర్చీ మీద కూర్చుని పని చేయడం ఆమెకు హజ్ చేసినంత గొప్ప. ఆ కుర్చీ పోతుందేమోనన్న భయం ఆ రోజు నుంచి ఆమెను పట్టుకుంది.

సోమవారం నాడు మామా కోడలూ కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో మూటగట్టి కామారెడ్డి బస్సెక్కారు. తెర, కీబోర్డు ఇంటి దగ్గరే వదిలేశారు. లింగంపేట దాకా రోడ్డంతా గుంతలే. బస్సు ఎగిరినప్పుడల్లా ఆమె పసిపిల్లను పట్టుకున్నట్టు డబ్బాను రొమ్ముకు అదుముకుంది. అజీముద్దీన్ దారిలో ఏమీ మాట్లాడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు, అరిచే మనిషి కాదు. అదే ఆమెకు మరీ భయం. అరిచేవాడైతే ఏమనుకుంటున్నాడో తెలుస్తుంది కదా! పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆయన గదిలోకి వస్తే కొంగు సవరించుకుని లేచి నిలబడటమే తప్ప, ఆయన మనసులో ఏముందో ఆమెకు తెలియదు.

లింబాద్రి షాపు రైల్వేస్టేషన్ రోడ్డులో ఉంటుంది. ఇరుకు గది, నిండా డబ్బాలు, వైర్లు. లింబాద్రి చెడ్డవాడేం కాదు గానీ ఆడమనిషి వస్తే ఆమె వెనక ఉన్న మగమనిషితో మాట్లాడే అలవాటు. మిషన్ ఎట్లా ఆగుతుందో ఆమినా చెప్తుంటే విన్నట్టే విని, అజీముద్దీన్ వైపు తిరిగి, "స్పీకర్లేద్దామా చాచా?" అన్నాడు. కొత్తగా వచ్చాయంటూ ఒక జత స్పీకర్లు తీసి బల్ల మీద పెట్టాడు. సలీమ్ చెప్పిందీ అదే గనక అజీముద్దీన్ తలూపబోయాడు.

అప్పుడు ఆమినాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం. అడిగేసింది. "పాటలు పాడేది మాకెందుకన్నా? నాలుగు పేజీలు కాకముందే కొయ్యబారుతుంది. దానికి మెమరీ సాల్త లేదు. మెమరీ ఎయ్యి."

తాను మామ మాటకు అడ్డం వచ్చానని అనేశాక గానీ ఆమెకు తెలియలేదు. ఉన్న పైసలతో స్పీకర్లన్నా వస్తాయి, మెమరీ అన్నా వస్తుంది, రెండూ రావని లింబాద్రి చెప్పాడు. అజీముద్దీన్ గడ్డం నిమురుకుని, సరే ఆమె చెప్పిందే వెయ్యమన్నాడు. ఆ సరే అన్న మాటలో ఇష్టం ఉందో లేదో ఆమె పోల్చుకోలేకపోయింది.

లింబాద్రి డబ్బా మూత తీశాడు. మెమరీ అంటే వేలెడు పొడుగు పచ్చ పట్టీ, దాని మీద నల్లటి పలకలు. ఒక్కటి పెడితే పని చేయదట, ఎడ్ల లెక్క జోడీగానే కట్టాలట. గూళ్లు నాలుగు; రెండింట్లో ఉన్న పాత జోడీ చిన్నది, మిగతా రెండింట్లో పెట్టే కొత్త జోడీ దానికి రెండింతలు. పట్టీని గూట్లో ఏటవాలుగా పెట్టి పైకి లేపితే రెండు పక్కలా ఉన్న చిన్న ఇనుప కొక్కేలు టక్కున పట్టుకోవాలి. అవి ఓ పట్టాన పట్టలేదు. లింబాద్రి బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కాడు. అజీముద్దీన్ కళ్లద్దాలు సర్దుకుని, మెడ ముందుకు చాచి, ఆ కొక్కేల వంకే చూశాడు. "శానా గట్టిగున్నయి," అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

మంగళవారం ఆమినాకు పండుగే. బాణం ఎక్కడా ఆగలేదు. లెక్కల పేపరు, సైన్సు పేపరు, బొమ్మలతో సహా అయిపోయాయి. సాయంత్రం ఆమె వంట చేస్తూ చిన్నగా పాడుకుంది కూడా. ఈ ఆడపిల్లలకు సంతోషం ఒక్క రోజు కంటే ఎక్కువ నిలవనివ్వని దిష్టి ఏదో ఉంటుంది.

బుధవారం పొద్దున స్విచ్చి వేస్తే తెర వెలగలేదు. డబ్బా లోపలినుంచి బీప్, బీప్ అని ఆగకుండా కూత. ఆమినా ఆపింది, వేసింది. మళ్లీ కూత. ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదివి వేసింది. కూత. స్టూలు మీద కూలబడింది. తానేం చేసింది? రాత్రి గుడ్డ కప్పడం మరిచిందా? తడి చేత్తో ముట్టిందా? ఎంత వెతుక్కున్నా తన తప్పు దొరకలేదు. దొరికితే బాగుండేదేమో, దిద్దుకునేది. తప్పు తెలియకుండా శిక్ష కోసం కూర్చోవడం కంటే నరకం లేదు.

కూత విని అజీముద్దీన్ వచ్చాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన మిషన్ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "మెమరీ కావాల్నంటివి," అన్నాడు. "స్పీకర్లేయిస్తే అయిపోతుండె గదా."

ఆ మాట గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. అడిగింది తానే. ఎదురు మాట్లాడింది తానే. ఎల్లుండి శుక్రవారం ఫోనులో సలీమ్ అడుగుతాడు, ఈయన ఇదే మాట చెప్తాడు, ఇక అమ్మకం ఖాయం. మెల్లగా, కామారెడ్డి తీసుకుపోదామా మామూ అని అడిగింది. ఆయన కాసేపు నూనె బుడ్డిని చేతిలో అటూ ఇటూ తిప్పి, జేబులో వేసుకుని, పదమన్నాడు.

కామారెడ్డి షాపులో లింబాద్రి మూత తీసి, మెమరీ పట్టీని కొక్కెం లాగి బయటికి తీశాడు. తీసినవాడు వేళ్లు చూసుకున్నాడు. రెండు వేళ్లు రుద్దుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నూనె," అన్నాడు నమ్మలేనట్టు. "దీంట్ల నూనె ఎవరు పోసిండ్రు?"

గూళ్ల నిండా నూనె. లోపలి పాత దుమ్ము దానికి అంటి నల్లటి జిగురయింది. పట్టీల అంచున ఉన్న మెరుపు పళ్లకు ఆ జిగురు అంటుకుని కరెంటు అందకుండా పోయింది. లింబాద్రి నేరుగా ఆమినా వంక చూశాడు. చూస్తాడు మరి, వంటింటి మనిషి ఆమే కదా! కానీ ఆ వాసన వంటనూనెది కాదు. పొద్దున లేస్తే ముందు గది నుంచి ఆమె ముక్కుకు తగిలే వాసనే, టైపు మిషన్ నూనెది.

ఆమె మామ వైపు తిరిగింది. అజీముద్దీన్ తన చెప్పుల వంక చూస్తున్నాడు. ఒక చెయ్యి జేబును పైనుంచి గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె చూస్తున్నదని తెలిసి తలెత్తాడు. ఆ కళ్లలో భయం. ఇన్నేళ్లలో ఆ మనిషి కళ్లలో ఆమె కోపం కోసం వెతికింది, అసంతృప్తి కోసం వెతికింది, భయం ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఆయన ఆమెను చూసి భయపడుతున్నాడు. ఆమె నోరు తెరిస్తే ఏమవుతుందోనని, పొద్దున ఆమె స్టూలు పక్కన నిలబడ్డట్టే, బిగుసుకుని నిలబడ్డాడు.

ఆమినాకు ఒళ్లు మండింది. పొద్దున అంత మాట అన్నాడే! ఇప్పుడు చెప్తే ఒక్క మాటలో తన మీది నింద పోతుంది. చెప్తే ఆయన పరువూ పోతుంది. నేనే పోశానంటే తన కుర్చీ పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. లింబాద్రి ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.

"తుడిస్తే పోతదా అన్నా?" అంది చివరికి.

లింబాద్రి నిట్టూర్చి, స్పిరిట్ సీసా, పళ్లు తోముకునే బ్రష్షు తీశాడు. వంటింటి చేతులతో మిషన్ ముట్టుకోవద్దని ఆమెకు బుద్ధులు చెప్తూనే గూళ్లు కడిగాడు. పట్టీల పళ్లను పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రుద్దాడు. ఆమె ఆ మాటలన్నీ పడింది. అజీముద్దీన్ ఒక్కటీ ఆపలేదు. అది ఆమెకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి.

రెండు గూళ్లు బాగయ్యాయి. మిగతా రెండింట్లో లోపలి తీగలు వంగిపోయాయట, ఇక పనికి రావట. ఒక్క జోడీకే జాగా ఉంది. అంటే పాత చిన్న జోడీ అన్నా ఉండాలి, కొత్త పెద్ద జోడీ అన్నా ఉండాలి. లింబాద్రి అలవాటుగా అజీముద్దీన్ వైపు తిరిగాడు. కావాలంటే కొత్త జోడీ తాను వాపసు తీసుకుని స్పీకర్లు ఇస్తానని, సలీమ్ ముచ్చట కూడా తీరుతుందని బేరం పెట్టాడు.

అజీముద్దీన్ అడ్డంగా తలూపాడు. "నన్నడగకు లింబాద్రీ. పని చేసేది ఆ పిల్ల."

ఆమినా పెద్ద జోడీ ఉంచమంది. పాతవి లింబాద్రికే ఇచ్చేశారు. మిషన్ లేచి నిలబడింది, కూత లేదు. అయినా ఆమె భయం తీరలేదు. నిన్న కూడా లేచి నిలబడింది కదా. పైగా ఇప్పుడు ఎల్లారెడ్డిలో దిగినాక సలీమ్‌కు ఈయన ఏం చెప్తాడన్నది ఇంకో భయం. తప్పు చేసిన పెద్దమనిషి తన తప్పును చూసినవాళ్లను ఉండనిస్తాడా? బస్సు దిగీ దిగగానే ఆయన డబ్బాను ఇంటి దాకా మోసుకొచ్చి పెట్టి, నమాజుకని వెళ్లిపోయాడు. ఎప్పుడూ వచ్చే వేళకు రాలేదు. ఆమె అన్నం మూత పెట్టి ఎదురుచూసింది. వచ్చినాక తలొంచుకుని తిని పడుకున్నాడు.

గురువారం అంతా ఆయన ఆ గదిలోకి రాలేదు. నేర్చుకునే పిల్లల కోసం ఒక టైపు మిషన్‌ను అరుగు మీదికి మోసుకుపోయి అక్కడే కూర్చున్నాడు. ఏదన్నా కావలసి వస్తే గడప దగ్గర ఆగి దగ్గేవాడు. తన గడప దగ్గర తానే! ఆమె లేచి నిలబడితే, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, కాగితాలో రిబ్బనో అందిస్తే తీసుకుని పోయేవాడు. ఇది కోపమేనని ఆమె నిశ్చయించుకుంది. ఈ ముసలాయన తనతో మాట్లాడటం మానేశాడు, రేపు ఫోనులో కొడుకుతో ఒక్క మాట చాలు. ఆమె వేళ్లు మాత్రం ఆగలేదు. తెలుగు పేపరు అయింది, ఇంగ్లీషు పేపరు అయింది. భయపడుతూ కొట్టినా అక్షరం అక్షరమే.

శుక్రవారం బూత్ నుంచి కబురు వచ్చింది. ఈసారి అజీముద్దీన్ బయలుదేరలేదు, ఆమెనే పొమ్మన్నాడు. ఆమె బురఖా వేసుకుని, దారంతా చెప్పబోయే మాటలు కూడబలుక్కుంటూ వెళ్లింది. నీ మిషన్ నేను ఖరాబు చేయలేదు. ఆ ఒక్క మాట చాలు. దాని తర్వాత ఎవరు చేశారని అడిగితే?

సలీమ్ అడగలేదు. మిషన్ మంచిగా నడుస్తుందా అని అడిగాడు. పేపర్లు ఎంతదాకా వచ్చాయన్నాడు. అమ్మే మాటే ఎత్తలేదు. కంటికి నిద్ర లేకుండా పని చేయకని చెప్పి, అబ్బాను జర అరుసుకో, మంచిగ చూసుకో అన్నాడు. ఆమె చేతిలో రిసీవరు బరువెక్కింది. ఇదేదో మంచికి వచ్చిందో చెడుకు వచ్చిందో తెలియక, సరే సరే అని పెట్టేసింది.

ఇంటికొచ్చి చూస్తే అజీముద్దీన్ అరుగు మీదే ఉన్నాడు. ఆమె లోపలికి పోయి కుర్చీలో కూర్చుంది. ఆయన లేచి వచ్చి గడప అవతల నిలబడ్డాడు. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూలోనే సాగుతుంది. మనం తెలుగులో చెప్పుకుందాం.

"సలీమ్ ఏమన్నడు?"

"ఏమన్లేదు మామూ. మంచిగ పని చేసుకో అన్నడు."

ఆయన తలూపి వెళ్లబోయాడు. ఆమె ఇక ఆగలేకపోయింది. భయానికైనా ఒక హద్దు ఉంటుంది.

"ఆ నూనె ఎవరేసిండ్రో నాకెరుకే మామూ," అంది. "నేను ఆయనకు చెప్పలే. చెప్ప గూడ చెప్ప. మీరు నాతోని మాట్లాడకుంట గిట్ల బయట కూసుంటే నాకు భయమైతుంది."

అజీముద్దీన్ తలుపు చట్రం పట్టుకున్నాడు.

"నేను చెప్పిన," అన్నాడు. "బుధవారం నాడే. నమాజు అయినంక బూత్‌ల కూసోని నేనే చేసిన ఫోను. కొక్కేలు గట్టిగున్నయని మంగళవారం నువ్వు వంట కాడ ఉన్నప్పుడు మూత తీసి నూనేసిన, పిల్లది ఏం తప్పు లేదు అన్న. అమ్మే మాట ఇంకోసారి ఎత్తకు అన్న."

తన కొడుక్కు తానై ఎన్నడూ ఫోన్ చేయని మనిషి. పిలుపు వస్తే వెళ్లి మాట్లాడి వచ్చేవాడంతే. ఆమినా కుర్చీలోంచి లేచింది. "మరి ఈడికి ఎందుకొస్త లేరు?" అంది.

ఆయన గోడవారగా గుడ్డలు కప్పుకున్న మిషన్ల వంక చూశాడు. "ఈ గదిల ఏ మిషన్ మూగపోయినా నా చెయ్యి పడితే పలికేది. ఇది నా చెయ్యి పడి మూగపోయింది. షాపుల అతను నిన్ను అన్ని మాటలంటుంటే నా నోరు రాలే. అప్పటిసంది నీ మొకం చూడాల్నంటే భయమైతుంది." చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "ఇంక నన్ను ఈ గదిలకు రానిస్తవా, బేటా?"

ఆమినా విస్తుపోయింది. ఈ గదిలోనుంచి తనను ఎక్కడ పంపేస్తారోనని వారం రోజులుగా చచ్చి బతికింది ఆమె. ఈ గదిని కట్టి, నడిపి, దీని మీద ఇల్లు నిలబెట్టిన మనిషికి కూడా అదే భయం పట్టుకుందని, ఆ భయంతో తన దగ్గరికే వచ్చి అడుగుతాడని ఆమె ఊహకు అందనే లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్టూలు తాను లాక్కుని, తన కుర్చీని ఆయనకు జరిపింది.

"సోషల్ పేపరు మిగిలింది," అంది. "సారు రాత కోడి గీకినట్టుంది, నాకు తెలుస్త లేదు. మీరు సదువుండ్రి, నేను కొడత."

అజీముద్దీన్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, గంగారాం సారు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మొదటి ప్రశ్న చదువుతుంటే ఆయన గొంతు వణికి మధ్యలో తెగిపోయింది. ఆమినా తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా, సరిగ్గా వినపడలేదు మామూ, ఇంకోసారి చదవమని అడిగింది.